నీలిపొగ తగువు

కోడలు హిమజ పుణ్యమా అని కామేశ్వరమ్మకు సొంత వరండాలోనే కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. బల్ల మీద ఇంజను. ఇంజను కింద దుప్పటి. ఆ దుప్పటి కామేశ్వరమ్మది. పక్కన ఇడ్లీ రేకులు, ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు, విప్పిన వరసలో. ఆ రేకులూ ఆమెవే. పైగా "కడిగి పెట్టేత్తానత్తా" అని భరోసా ఒకటి. కిరసనాయిలు వాసనొచ్చే ఇడ్లీ ఎవరు తింటారో ఆ పిల్లే చెప్పాలి. టెక్కలిలో పాలిటెక్నిక్ చదివిన కోడలు దొరికిందని ఊరంతా చెప్పుకుంది కామేశ్వరమ్మ. ఆ చదువు తన ఇడ్లీ రేకుల్లోకి వస్తుందని అప్పుడు తెలియలేదు.

ఇంజను మాత్రం ఆమె భర్త సీతారాం కొన్న సీడీ హండ్రెడ్ బండిది. ఎనభై తొమ్మిది మోడలు. ఆయన పోయి ఆరేళ్లు. పలాస నుంచి కంచిలి జీడితోటకు, తోట నుంచి బారువ సముద్రపు ఒడ్డుకు, ఆ బండి వెనక కూర్చుని ఆమె తిరగని దారి లేదు. అలాంటి బండి పొద్దున్న మొదటి కిక్కుకు నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. కాస్త నడిస్తే తగ్గిపోయేది. కిందటేడు మెకానిక్ దాలయ్య చూశాడు.

"వాల్వు సీళ్లు అరిగిపోనాయి అమ్మగోరూ. రాత్రంతా ఆయిలు బొట్టు బొట్టు లోపలికి దిగిపోతంది. పొద్దున అదే మండి పొగొత్తంది."

సీళ్లంటే రెండు రబ్బరు టోపీలు, చిటికెన వేలి గోరంత. కొత్తవి పార్సిల్లో వచ్చాయి. దాలయ్య ఇంటికే వచ్చి, ఇదే వరండాలో వేసి వెళ్లాడు. పది రోజులకు మళ్లీ అదే పొగ.

కామేశ్వరమ్మ ఊరుకునే మనిషి కాదు. కాశీబుగ్గలో అతని షెడ్డుకు వెళ్లి, గిరాకీలందరి ముందు, "కొత్తవి నువ్వుంచీసుకుని పాతవే మల్లీ ఏసినావు" అని కడిగేసింది. దాలయ్య చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "కొత్తవే ఏసినానమ్మా" అన్నాడు. ఎదురింటి జానకి ఆ కబురును జీడిపప్పు బట్టీలన్నింటికీ చేరవేసింది. సగం మంది తమ బండ్లను వేరే షెడ్డుకు తోలుకుపోయారు. దాలయ్య ఈ వీధిలోకి రావడమే మానేశాడు.

ఈ మధ్యనే కాపురానికొచ్చిన హిమజ ఇదంతా విని, "ఇంజను తెరిత్తే తెలిసిపోద్ది కదత్తా. పాతవే ఉంటే దాలయ్య మావ దొంగ. కొత్తవైతే..." అని ఆగింది.

"కొత్తవైతే ఏటి?"

"ఏటీ లేదు. తెరిసి సూద్దాం."

అదీ సంగతి. అందుకే ఇవాళ కామేశ్వరమ్మ జీడిపప్పు బుట్ట ముందేసుకుని, పొట్టు తీస్తున్నట్టు నటిస్తూ కోడలికి కాపలా కాస్తోంది. సొంత తోట ఉన్నా ఇంట్లోకి వాడే పప్పు పొట్టు ఆమే తీయాలి. పప్పు బద్ద కాకూడదు, గీత పడకూడదు. చేతిలోని చిన్న కత్తిని కింద పెట్టినప్పుడల్లా మొనకు ఓ సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడుగుతుంది. అది కిందటేడు ఎక్కడో దొరికింది. కత్తి కోసమే పుట్టినట్టు సరిపోయింది.

హిమజ ఓ బిగింపు పనిముట్టుతో స్ప్రింగును అణిచింది.

"అదెక్కడిదే?"

"దాలయ్య మావ దగ్గిర అడిగి తెచ్చినాను."

కామేశ్వరమ్మ మూతి ముడిచింది గాని, కళ్లు తిప్పుకోలేకపోయింది. స్ప్రింగు పైన వాల్వును పట్టి ఉంచే, బియ్యపు నూకల్లాంటి రెండు లాకులు. కోడలు వాటిని ఊపిరి బిగబట్టి తీసి ఇడ్లీ గుంటలో వేసింది. ఒక్కటీ కింద పడలేదు. ఇరవై ఏళ్లు బట్టీలో చేసిన ఆడవాళ్ల వేళ్లకు గాని ఉండదు ఆ నిదానం.

సీళ్లు బయటికొచ్చాయి. నల్లగా, మెత్తగా, మీద అచ్చువేసిన అంకెలు కూడా చెరగలేదు.

"కొత్తవే అత్తా."

"అయితే సేతకాని పనన్నమాట."

హిమజ ఒక సీలును ఫోను కెమెరాలో పెద్దది చేసి చూపించింది. లోపలి అంచున వెంట్రుకంత కోత. రెండోదానికీ అంతే. "వాల్వు కాడ సివర ఈ గాడి సూడండి. దీని అంచు బ్లేడులాగుంటది. సీలును దీని మీంచి దింపినప్పుడు గీసీసింది." ఆ వెంటనే దాలయ్యకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది. "మావా, అప్పుడు ఈ గాడి మీద తొడుగు ఎయ్యలేదా?"

"పేకెట్లో రాలేదమ్మా. రెండు సీళ్లూ గిన్నెలో ఏసి ఇచ్చినారు అమ్మగోరు. తొడుగేదంటే 'అంతే వచ్చినాయి, బేగి కానీ, పెళ్లికెల్లాల' అన్నారు. ఆయిలు రాసి మెల్లగానే దింపినాను. అయినా తెగీసినట్టుంది."

ఇంటికొచ్చిన ప్రతి పార్సిలూ స్వయంగా విప్పి చూసుకోవడం కామేశ్వరమ్మ అలవాటు. ఆమె బుట్టలోకి వంగి ఇంకో పప్పు తీసుకుంది.

హిమజ ముందే తెప్పించి ఉంచిన కొత్త పాకెట్టు చింపింది. రెండు సీళ్లు. వాటితో పాటు సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి.

కామేశ్వరమ్మ చెయ్యి ఆగిపోయింది. గొట్టాన్ని చూసింది. తన కత్తిని చూసింది. గొట్టంతో సహా కత్తిని రొంటిన దోపుకుంది.

"పొట్టు అయిపోనాదా అత్తా?" అంది హిమజ తల ఎత్తకుండా.

"కళ్లు లాగుతన్నాయి."

లాగుతున్న కళ్లతోనే అంతా చూసింది. కోడలు వాల్వును కింది నుంచి దూర్చి, వేలితో ఆపి పట్టుకుంది. పైకి వచ్చిన కొనకు గొట్టం తొడిగి, గాడిని కప్పేసింది. ఒక్క చుక్క ఆయిలు. సీలును గొట్టం మీద పెట్టి, నెట్టకుండా, పప్పు మీది పొట్టు ఒలిచినట్టు మునివేళ్లతో తిప్పుతూ దించింది. అడుగున అది కూర్చున్న క్షణం ఆ పిల్ల భుజాలు సడలాయి. చేతికి తెలిసిందన్నమాట. చేతికి తెలియడం అంటే ఏమిటో కామేశ్వరమ్మకు తెలుసు. అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. రెండోదీ అలాగే. ఇలాంటి వేళ్లకు ఇడ్లీ రేకులేం ఖర్మ, ఇత్తడి బిందెలైనా ఇచ్చేయొచ్చు అనుకుంది.

సాయంత్రం కొడుకు పవన్ చెయ్యి వేస్తే ఇంజను బండికెక్కింది. సైలెన్సరులో మిగిలిన ఆయిలు కాలిపోవడానికి రెండు రోజులు తిప్పారు. ఆ రెండు రోజులూ కామేశ్వరమ్మ జీడిపప్పు బుట్ట ముట్టలేదు. కత్తి ఏదని హిమజ ఒక్కసారి కూడా అడగలేదు. అసలు అనుమానించాల్సింది అదే.

మూడో రోజు పొద్దున్నే దాలయ్య వచ్చాడు. కోడలు పిలిచిందట. గేటు దాటి లోపలికి రాలేదు. ఎదురింట్లో జానకి అప్పటికే ముగ్గు వేసి, మళ్లీ అదే ముగ్గు దిద్దుతోంది.

హిమజ కిక్కు కొట్టింది. రెండో కిక్కుకు బండి అందుకుంది. అందరూ సైలెన్సరు వైపు చూశారు. నీలం లేదు, తెలుపు లేదు. చప్పుడు మాత్రం సీతారాం ఉన్నప్పటిదే.

"నా సెయ్యి కన్నా నీ సెయ్యే మేలమ్మీ" అన్నాడు దాలయ్య. తర్వాత కామేశ్వరమ్మ వైపు చూసి, నేల చూపులు చూస్తూ, "ఆ దినం నా సేతిలోనే ఏదో లోపం అమ్మగోరూ" అన్నాడు.

అతను ఆ మాట అనకపోతే ఆమె గట్టెక్కేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. గేటు దాకా నడిచింది. రొంటి నుంచి కత్తి తీసి, మొన మీది గొట్టం లాగి, అతని అరచేతిలో పెట్టింది.

"ఇది ఆ పేకెట్లోదే. నానే తీసి కత్తికి తొడుక్కున్నాను. తొందర పెట్టిందీ నానే. ఏడాది పాటు నిన్ను దొంగన్నాను." గొంతు కాస్త పెంచింది. "జానకీ, ఆ ముగ్గు ఆపి ఇటిను. ఇయ్యేల బట్టీల కాడ ఇది కూడా సెప్పు. తప్పు దాలయ్యది కాదు. నాది."