ముడిలో మిగిలిన నీలం

గొంబొజావ్ పళ్ళతో ముడి విప్పుతున్నాడు. ఎర్రగుర్రం జూలులో కట్టిన పట్టుపేలిక అది. ఎండకీ మంచుకీ వెలిసి తెల్లబడిపోయింది, ముడి లోపల మాత్రం ఇంకా నీలంగానే ఉంది. దాన్ని బూటులో దోపుకుని, ఎప్పటిలాగే కత్తెర తీశాడు. పటాలానికి పోయే గుర్రాలకు జూలు కురచగా ఉండాలి. పొరుగున రష్యా వాళ్ళకు జర్మన్లతో యుద్ధం వచ్చినప్పటినుంచీ ఆ లోయలో గుర్రాలకు ఈ క్షవరం ఆయన పనే. అంతకుముందు మాత్రం పొడిచేసిందేముంది? గుర్రాలు కాశాడు, పులిసిన గుర్రపు పాలు తాగాడు, ఒక కొడుకును కన్నాడు.

ఆ కొడుకు సోద్నం తూర్పు సరిహద్దుకు రౌతుగా వెళ్ళిన ఏడు, వాడి ప్రాణానికి అడ్డుగా గొంబొజావ్ ఈ గుర్రాన్ని పిల్లగా ఉండగానే జూలులో ఆ పేలిక కట్టి దేవుడికి వదిలేశాడు. అలా వదిలినదాన్ని ఎక్కకూడదు, అమ్మకూడదు, కొట్టకూడదు. ఆడది తాకనే కూడదు. అది చల్లగా తిరిగినంతకాలం వాడూ చల్లగా ఉంటాడు. మొక్కులు నేరమైన రోజులు కాబట్టి ఈ మాట పైకి అనకూడదు.

ఈసారి ఇంటికో గుర్రం ఇవ్వాలన్నారు. ఇద్దామనుకున్న బూడిదరంగుది నిన్న బొరియలో కాలుపెట్టి విరుచుకుంది. మిగతావి పోయిన విడతలోనే పోయాయి. ఇక ఉన్నది ఇదొక్కటే.

"కొండ వెనక దాచేద్దాం మామా," అంది కోడలు దులం.

"దాస్తే దాన్నీ తీసుకుపోతారు, నన్నూ తీసుకుపోతారు. జీను ఎరగని గుర్రమే పిల్లా! ఎక్కినవాడి నడుం విరగ్గొడుతుంది. పనికిరాదని వాళ్ళే వదిలేసిపోతారు, చూస్తుండు."

దులం ఏదో అనబోయి, తలవంచుకుని టీ కలపడానికి పోయింది.

మధ్యాహ్నానికి అధికారి వచ్చాడు. గుర్రం పళ్ళు చూశాడు, గిట్టలు తట్టాడు.

"వట్టి పొగరుమోతుదయ్యా," అన్నాడు గొంబొజావ్. "మీ సిపాయి ఎముకలు ఏరుకోవాల్సి వస్తుంది."

"నేనొచ్చిన రోజున ఈ లోయలో గుర్రాలన్నీ పొగరుమోతువే తాతా!"

సిపాయి జీను వేశాడు. తన్నవే తల్లీ, తన్ను, అనుకున్నాడు గొంబొజావ్. గుర్రం కదల్లేదు. పొట్టకింద పటకా బిగిస్తుంటే బుద్ధిగా నిలబడింది. సిపాయి ఎక్కగానే ఎవరూ తోలకుండానే గుట్టమీదికి దౌడు తీసి, కొసన ఆగి, తూర్పుకు తిరిగి నిలబడింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

"కళ్ళెం లాగే పనే లేదు సార్, మనసులో అనుకుంటే చాలు!" అని అరిచాడు సిపాయి దిగివస్తూ.

"అబద్ధమైనా ముచ్చటగా ఆడావు తాతా," అని అధికారి ముద్ర కాల్చమన్నాడు. చర్మం కమిలిన వాసన వచ్చింది.

గొంబొజావ్ కోడలి వైపు తిరిగాడు. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎన్నాళ్ళబట్టే?"

"అది నన్ను మోయగలిగిన మొదటి చలికాలం నుంచీ. ఆ గుట్టెక్కితే తూర్పంతా కనబడుతుంది మామా. కొంచెంసేపు చూసి వచ్చేసేదాన్ని."

లేచిన చెయ్యి లేచినట్టే ఉండిపోయింది. ఎవరిని కొట్టాలి? మొక్కుగుర్రమని అధికారికి చెబితే ఇద్దరికీ చెరసాల. చెప్పకపోతే కొడుకు. ఆయన తన జీవితంలో ఇంత చేతకానితనం ఎన్నడూ ఎరగడు.

"అంత నెమ్మదిగా మాలిమి చెయ్యడం ఎవరు నేర్పారు నీకు?"

"మీ అబ్బాయే."

గుర్రం పోయినా దాని అదృష్టం ఇంట్లో ఉండాలని దాని మూతిని కోటు అంచుతో తుడవాలి. గొంబొజావ్ అంచు పట్టుకుని పరుగెత్తాడు. అప్పటికే మందను తోలేశారు. వెనకబడ్డ ఎర్రగుర్రం గుట్టకొసన అలవాటుగా ఆగింది. కొరడా పడింది. పుట్టాక దానికి అదే మొదటి దెబ్బ. తరువాత గుట్టమీద ఏమీ లేదు.

ఆయన బూటులోంచి తీసి ఇచ్చిన పేలికను దులం ఇంటిముందు గుర్రాలు కట్టే తాడుకు కట్టింది. ముడి పాతచోటే పడింది. నీలమంతా లోపలికి పోయి, తెల్లటి కొసలు మాత్రం గాలికి కొట్టుకుంటున్నాయి.