ఆరు వారాల సంస్కృతి

"చీజ్ ఏదీ?" అన్నాడు ఎర్మెస్, ప్లేటులోంచి తల ఎత్తకుండా.

చీజ్ గిన్నె అతని మోచేతి పక్కనే ఉంది. జానెడు దూరం. నేను పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, ఆ గిన్నె ఎత్తి, అతని పాస్తా మీద రెండు చెంచాలు చల్లి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాను. మాకు పెళ్లయి ముప్పై ఒక్కేళ్లు. "నువ్వూ కూర్చోవే నివెస్, చల్లారిపోతుంది" అంటాడు రోజూ. మంచివాడే. అంటాడు గానీ నాలుగో కుర్చీ మీద రొట్టెల బుట్ట, నీళ్ల సీసా ఉంటాయి. వాటిని అతను తియ్యడు. నేనూ తియ్యను. పొయ్యి గట్టు మీద ప్లేటు పెట్టుకుని, ఒక చెవి వాళ్ల మాటల మీద వేసి, ఎవరికి ఏం కావాలో చూసుకుంటూ నిలబడే తినేస్తాను. మిగతా రెండు కుర్చీల్లో ఒకటి కింది వాటాలో ఉండే మా అత్తగారు ఇయోలె గారిది. ఒంటిగంట కొట్టేసరికి మెట్లెక్కి వచ్చేస్తారు. ఇంకోటి ఈ వేసవిలో మెరెడిత్‌ది.

మెరెడిత్ అమెరికా పిల్ల. మా ఊరి విశ్వవిద్యాలయం ఏటా పెట్టే వేసవి కోర్సుకి వచ్చింది. ఆరు వారాల్లో ఇటాలియన్ భాష, ఇటలీ సంస్కృతి రెండూ నేర్పి పంపుతామని మా వాళ్లు వాళ్ల కాలేజీకి మాటిచ్చారు. భాష పొద్దున తరగతిలో, సంస్కృతి మధ్యాహ్నం పిల్లలు దిగిన మా ఇళ్లలో. వచ్చిన మొదటి రోజే ఆ పిల్ల లేచి, రొట్టెల బుట్ట తీసి నేల మీద పెట్టి, కుర్చీ తట్టి చూపిస్తూ, "మీరు... ఇక్కడ" అంది వచ్చీరాని మాటల్లో.

"రొట్టెని నేల మీద పెట్టిందేమిటే! ఎవరు పెంచారే దీన్ని?" అని గుండె పట్టుకున్నారు అత్తయ్య.

నేను పరుగున వెళ్లి బుట్ట ఎత్తి మళ్లీ కుర్చీ మీదే పెట్టాను. "కూర్చో తల్లీ. నువ్వు అతిథివి. నాకిలాగే అలవాటు." ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

రెండో వారంలో కోర్సు నడిపే ప్రొఫెసర్ డొనటెల్లా పిల్లలెలా ఉన్నారో చూడ్డానికి మా ఇంటికొచ్చింది. అప్పుడు నేను సింకు దగ్గర చిక్కుళ్లు వలుస్తున్నాను, మెరెడిత్ పొద్దున సంతలో ఏం జరిగిందో చెబుతోంది. తప్పు వచ్చిన చోట ఆపి, సరిగ్గా అనిపించి, మళ్లీ మొదట్నుంచీ చెప్పించాను. గుమ్మంలో నిలబడి విన్నది ప్రొఫెసరమ్మ.

"నివెస్ గారూ, మీరెక్కడైనా పాఠాలు చెప్పేవారా?"

ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఎన్నేళ్లయింది! చెప్పాను. టీచర్ చదువు పూర్తి చేసి, కొండ మీద ఊళ్లో సెలవు మీదున్న పంతులమ్మ బదులు రెండున్నర నెలలు పనిచేశాను. ఇరవై రెండు మంది పిల్లలు. మా పెద్దది కడుపులో పడింది. "కడుపుతో ఆ బస్సులో కొండెక్కుతావా, చూసిన వాళ్లు మమ్మల్నేమంటారు?" అన్నారు అత్తయ్య. "కాన్పయ్యాక మళ్లీ వెళ్దువుగానిలే" అన్నాడు ఎర్మెస్. మా పెద్దదానికి ఇప్పుడు ముప్పై నిండాయి, టూరిన్‌లో ఉంటోంది.

"వచ్చే వేసవి నుంచి కొత్తవాళ్లకి పొద్దున మూడు గంటలు మాటల తరగతి పెడుతున్నాం. పుస్తకాలుండవు. ఇల్లు, సంత, వంట, మనుషులు, ఇవే. మీలాంటి వాళ్లే కావాలి. ఆలోచించుకోండి, ముగింపు సభ నాటికి ఖాయం చేద్దాం" అందామె.

ఆలోచించుకోవడానికి ఏముంది? నాకు కావాలి. చిన్నప్పుడు కూడా దేన్నీ అంత కావాలనుకోలేదు. ఇస్త్రీ చేస్తూ ఎర్మెస్ చొక్కాలు వరసగా తలుపులకి తగిలించి వాటికి పాఠం చెప్పాను. నీలం గళ్ల చొక్కా మొద్దు పిల్లాడు, దాన్ని రెండుసార్లు మందలించాను. యాభై అయిదేళ్ల ఆడదాన్ని, పగలబడి నవ్వుకున్నాను.

"నువ్వా? తరగతిలోనా?" అని నవ్వాడు ఎర్మెస్. ఎగతాళిగా కూడా కాదు, ముద్దుగా నవ్వాడు. అందుకే మరీ ఒళ్లు మండింది. "సరే, నీ సరదా నేనెందుకు కాదంటాను? మరి మధ్యాహ్నం భోజనం?"

"పదకొండింటికి పాస్తా పిండి తడపకపోతే ఒంటిగంటకి బల్ల మీద ఏం పెడతావు? నీ పాఠాలు పెడతావా?" అన్నారు అత్తయ్య.

"అయిదింటికే లేచి తడుపుతాను అత్తయ్యా."

"నిన్నటి పిండిలా ఉంటుంది" అన్నారావిడ. అక్కడితో ఆ మాట అయిపోయింది. నాకు మాత్రం అవలేదు. ఆ వారమంతా అయిదింటికే లేచి పిండి తడిపి, గుడ్డ కప్పి ఉంచాను. ఒక్కరూ తేడా కనిపెట్టలేదు. చేయగలను, రెండూ చేయగలను అనుకుంటూ లోపల్లోపల మురిసిపోయాను. రెండూ నేనే ఎందుకు చేయాలని ఒక్కసారి కూడా అనుకోలేదు చూడండి.

ఈ లోపు మెరెడిత్ మారుతూ వచ్చింది. మొదటి వారం తన ప్లేటు తనే కడిగేది. నేను లాక్కునేదాన్ని. మూడో వారం కడగడం మానేసి సింకులో పెట్టేది. నాలుగో వారం బల్ల మీదే వదిలేసింది. అయిదో వారంలో ఒకరోజు ఫోర్కు కింద పడితే వంగలేదు, నా వైపు చూసింది. నేను ఇంకోటి తెచ్చిచ్చాను. "చూశావా, అచ్చం మన పిల్ల అయిపోయింది!" అని ఎర్మెస్ బల్ల చరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముగింపు సభ శుక్రవారం సాయంత్రం ఆరింటికి, పాత మఠం లోపలి ఆవరణలో. పిల్లల్ని పెట్టుకున్న ఇళ్ల వాళ్లంతా తలా ఒక వంటకం తేవాలి. నేను పొరలు పేర్చి కాల్చిన పాస్తా, లజాన్యా, రెండు పెద్ద పళ్లేల నిండా తెచ్చి, అయిదింటి నుంచీ బల్లలు సర్దుతున్నాను. పిల్లలు ఒక్కొక్కరే లేచి తాము నేర్చుకున్నదేమిటో ఇటాలియన్‌లో చెప్పాలి. ఒకడు కాఫీ గురించి చెప్పాడు, ఒకమ్మాయి చర్చి గోడల మీది బొమ్మల గురించి. మెరెడిత్ వంతు వచ్చింది.

"నేను వచ్చిన మొదటి రోజే పెద్ద తప్పు చేశాను" అంది. "మా ఇంటి అమ్మ నివెస్‌ని బల్ల దగ్గర కూర్చోమన్నాను. అప్పుడు నాకు ఈ సంస్కృతి తెలియదు. ఇక్కడ అమ్మ కూర్చోదు. అందరికీ కావలసినవి చూసుకుంటూ పొయ్యి దగ్గర నిలబడి తింటుంది. అదే ఆవిడ ఆనందం. మొదట్లో నా ప్లేటు నేనే కడిగేదాన్ని. అది ఆవిడని అవమానించడమని తర్వాత అర్థమైంది. ఇప్పుడు కడగను. ఇంత ప్రేమ మా దేశంలో నేను చూడలేదు."

చప్పట్లు మోగిపోయాయి. నా పక్కన గరిటెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి మరీ కొట్టారు. మొదటి వరస కుర్చీలోంచి ఎర్మెస్ వెనక్కి తిరిగి, "నివెస్! ఎక్కడున్నావే? లేచి నిలబడు, అందరూ చూస్తారు!" అని అరిచాడు. గంటన్నరగా నిలబడే ఉన్నాను.

అందరి మధ్యా తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఒక్క అబద్ధం చెప్పిందా? లేదు. కళ్లనిండా ప్రేమతో నన్నే చూస్తోంది. దాని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఎవరి మీద అరవాలో తెలియక లజాన్యా కోస్తూ ఉండిపోయాను.

డొనటెల్లా కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఇక ఆగలేక నేనే అడిగేశాను, "ఆ పొద్దున తరగతి సంగతి..."

"అదే చెబుదామని వచ్చాను నివెస్ గారూ! ఇప్పుడే అనుకున్నాం. ఆ తరగతికి మెరెడిత్‌నే పిలుస్తున్నాం. వాళ్ల దేశం పిల్లే కదా, కొత్తవాళ్లకి బెరుకుండదు. పైగా ఇంత బాగా అర్థం చేసుకుంది! ఉంటే మీ ఇంట్లోనే ఉంటానంది."

"మరి నేను?"

"అయ్యో, మిమ్మల్ని ఆ వంటింట్లోంచి లాగేస్తే ఇక ఆ పిల్ల వాళ్లకి ఏం చూపిస్తుంది?" అని నా భుజం నొక్కి, వచ్చే ఏడాదికి అతిథిని పెట్టుకుంటామనే కాగితం చేతిలో పెట్టింది. "సోమవారంలోగా సంతకం చేసి పంపేయండి. లేకపోతే మీ పేరు జాబితాలో ఉండదు."

నేనేమన్నానో తెలుసా? "ఇంకో ముక్క వేసుకుంటారా?" అన్నాను. వేసుకుంది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర మెరెడిత్ నన్ను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకు పెళ్లయ్యాక నేనూ అచ్చం నీలాగే ఉంటానమ్మా" అంది చెవిలో. వద్దు తల్లీ అని నోటిదాకా వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. దాని చొక్కా కాలరు సరిచేసి బస్సెక్కించాను. ఆ ఒక్క మాట అననందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

సోమవారం మధ్యాహ్నం రొట్టె తుంచుతూ ఎర్మెస్ అడిగాడు, "ఏమే, ఆ కాగితం పంపావా?"

"పంపాను" అన్నాను.

అది గుడ్డు పెంకుల కింద, చెత్తబుట్టలో ఉంది. ఇన్నేళ్ల కాపురంలో అతనితో ఆడిన మొదటి అబద్ధం. ఇందులో గొప్పేమీ లేదు. ఆ తరగతి నాకు ఎలాగూ రాదు. వచ్చే వేసవి కూడా ఈ పొయ్యి దగ్గర నిలబడే తింటాను, నా సంగతి నాకు తెలుసు. కాకపోతే నన్ను చూసి నేర్చుకోవడానికి ఈ ఇంటికి ఇంకో ఆడపిల్ల రాదు.