బస్తా ముడి

ఆ సాయంత్రం కోళ్ల ఫారం పెద్దకోడలి కంటబడింది చాలా చిన్న విషయం. దున్న తన గిన్నెలో అన్నం సగం తిని, మిగతా సగాన్ని ముక్కుతో బుల్లి కుక్క బొంగరం వైపు తోసి, పక్కకు జరిగి కూర్చుంది. అంతే. ఆమె కడుపులో మాత్రం ఎవరో కుంపటి రాజేసినట్టయింది.

దున్న అంటే కుక్కే. నల్లగా, దూడంత ఉంటుంది. తల్లి లారీ కింద పడి పోతే, కళ్లయినా తెరవని ఆ పిల్లను ఎత్తుకొచ్చి, గుడ్డపీలిక పాలలో ముంచి చప్పరించడం నేర్పింది పెద్దకోడలే. ఆ ఇంట్లో అందరి మాటా ఆమె వినాలి. ఆమె మాట వినే ప్రాణి మాత్రం అదొక్కటే. ఆమె చెప్పుల చప్పుడైతే చాలు, షెడ్ల చివర నుంచి ఉరికొచ్చేది.

అలాంటిది, చిన్నకోడలు కాపురానికొస్తూ సంచిలో బొంగరాన్ని తెచ్చింది. గుప్పెడంత కుక్క. తోక ఊపబోతే ఒళ్లంతా తిరుగుతుంది. ఇప్పుడు చెప్పులు ఎంత చప్పుడు చేసినా, దున్న ముందు బొంగరం వైపు చూసి, అది వస్తుందో రాదో తేల్చుకుని గానీ కదలడం లేదు.

"మీవాడు మావాణ్ణి ఎంత బాగా చూసుకుంటున్నాడో అక్కా!" అంది చిన్నకోడలు, గుడ్ల ట్రేలు పేరుస్తూ.

"చూసుకోడా మరి? ఒక కడుపున పుట్టినట్టే ఉన్నారుగా" అంది పెద్దకోడలు.

పగిలిన గుడ్లు ఏరుతున్న అత్తగారు తలెత్తకుండానే అంటించింది. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడని ఊరికే అన్నారా?"

"నన్నేనా అత్తయ్యా?" అని తిరిగింది పెద్దకోడలు.

"కుక్కల సంగతమ్మా. నీకెందుకు తగిలింది?"

తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది.

షెడ్ల వెనక చచ్చిన కోళ్లను పూడ్చే గొయ్యి ఉంది. దాని అవతల పొదలు, పొదల అవతల గుట్ట. సందె పడితే ఆ వాసనకు నక్కలు దిగుతాయి. అందుకే ఆ వేళ దున్నను కట్టకూడదు, గొయ్యి దగ్గర కాపలా ఉండాలి. ఆ కట్టుబాటు పెట్టిందీ పెద్దకోడలే.

ఆ పూట ఆమే దాన్ని దాణా గదిలోకి లాక్కెళ్లి స్తంభానికి కట్టేసింది.

"ఇవాళ నువ్వు లేకుండా తిరగనీ దాన్ని. నీకు అన్నం పెట్టిన చెయ్యేదో అప్పుడు గుర్తుకొస్తుంది" అంది.

దున్న అరవలేదు. తలుపు వైపే చూసింది గానీ ఆమె ముఖం చూడలేదు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

బయటికొచ్చి నీళ్ల తొట్లు కడుగుతుంటే గొయ్యి వైపు నుంచి కీచుమని అరుపు వినిపించింది. రోజూ దున్న వెంట వెళ్లే అలవాటున బొంగరం ఒక్కటే అటు వెళ్లింది. పెద్దకోడలు చేతిలో చీపురుతోనే పరిగెత్తింది. మూడు నక్కలు. మట్టిదిబ్బకు అతుక్కుపోయి వణుకుతోంది బొంగరం.

"అయ్యో, కట్టేశానే" అనుకునేలోపు, ఆమె పక్కనుంచే దున్న దూసుకుపోయింది. మెడకు తాడు వేలాడుతోంది.

వెళ్లి బొంగరం మీద నాలుగు కాళ్లూ పాతి నిలబడింది. నక్కలు ఎంత కవ్వించినా ముందుకు ఉరకలేదు. ఉరికితే కిందున్నది ఒంటరైపోతుంది. ఒక నక్క ఎగిరి చెవి చీల్చింది. దున్న దాని మెడ అందుకుని ఒక్క విదిలింపు విదిలించింది. అది పొదల్లో పడి కుంటుకుంటూ పారిపోయింది. మిగతా రెండూ దాని వెనకే.

చిన్నకోడలు రొప్పుకుంటూ వచ్చి బొంగరాన్ని గుండెకు హత్తుకుంది. "దున్నను గదిలోకి లాక్కెళ్లడం చూశానక్కా. కట్టేశావేమోనని ప్రాణం పోయిందనుకో."

పెద్దకోడలు తాడు కొస పట్టుకు చూసింది. తెగలేదు, ఊడింది. వేసింది లాగేకొద్దీ బిగిసే కట్టుకొయ్య ముడి అనుకుంది. పడింది బస్తా ముడి. దాణా బస్తాల మూతికి రోజూ వేసేది, ఒక్క లాగుతో ఊడొచ్చేది. మనసు కోపంలో ఉంటే చేతులు తమకు అలవాటైన పని చేసుకుపోయాయి.

ముడి సంగతి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"కట్టేశాను. గట్టిగానే కట్టాననుకున్నాను."

"ఎందుకక్కా?"

"ఎందుకేంటి? వాడు నా కుక్క. పాలు పట్టింది నేను. ఒక్కసారైనా ముందు నావైపు చూడకూడదా?"

"నాతో ఒక్క మాటంటే వీణ్ణి మా పుట్టింటికి పంపేదాన్ని కదా. నక్కల పాలు చెయ్యాలా?" చిన్నకోడలు విసవిసా వెళ్లిపోయింది.

కోళ్ల గాయాలకు పూసే ఊదామందు తెచ్చి పెద్దకోడలు దున్న చెవికి పూసింది. మందు మండి అది మూలిగింది. తర్వాత ఆమె ఒళ్లో తల పెట్టింది. ఎంత బరువు తల! కళ్లు మాత్రం చిన్నకోడలు వెళ్లిన దారినే ఉన్నాయి. వాటిని చేత్తో మూసేద్దామనిపించింది ఆమెకు. మూయలేదు.

మర్నాడు గిన్నెలో అన్నం గుట్టలా ఉంది.

"ఎవరికే అంత?" అంది అత్తగారు.

"చెయ్యి జారిందత్తయ్యా."

సగం వదిలేసినా దున్న కడుపు నిండుతుంది. గిన్నెను మాత్రం పెద్దకోడలు తన గది గుమ్మం ముందే పెట్టుకుంది. ఆ గుప్పెడంత దానికి ఆకలేస్తే అక్కడికే రావాలి.