ముద్దనూరు దాకా పోయిన కారు

ఆదినారాయణ జమ్మలమడుగులో కారు స్టార్ట్ చేస్తే, అరవై కిలోమీటర్ల అవతల పులివెందులలో ఆయన చెల్లెలు వనజమ్మకు దాని ఇంజన్‌లో టర్బో వేసే కూత వినపడేది. పొద్దున ఆ కూత విన్నాకే ఆమె పొయ్యి ముట్టించేది. మీ అన్న తోటకు బయల్దేరినట్టుందే అని పక్కింటోళ్లు కూడా అనేవాళ్లు. ఇందులో వింతేముంది, తోడబుట్టినోడి బండి కదా.

మాటలు మాత్రం లేవు. పంచాయతీ ఎన్నికల్లో వనజమ్మ మొగుడు అవతలి జెండా పట్టినాడని, ఆ ఇంటి గడప తొక్కనని ఆదినారాయణ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ బావ చనిపోయిన దినం కారెక్కి పులివెందుల దారిలో ముద్దనూరు దాకా పోయి, మొండితనం అడ్డొచ్చి తిరుక్కొని వచ్చేసినాడు. ఆ దినం నుంచే టర్బో కూత పట్టింది. తొమ్మిదేండ్లాయె.

ఈమధ్య కారు నల్లపొగ కక్కుతా మిట్ట ఎక్కలేకుండా ఉంది. గుంటలో పడితే కింద దడదడ. ప్రొద్దుటూరులో మెకానిక్ హుమాయున్ షెడ్డుకు తోలుకొని పోయినాడు. హుమాయున్ కిందికి దూరి చూసి, సస్పెన్షన్ బుష్షుల రబ్బరు చీలిపోయిందనీ, టర్బో అరిగిపోయిందనీ, రెండూ కొత్తవి వేయాల్సిందేననీ చెప్పినాడు. చెప్పి, చేతులు తుడుచుకుంటా నసిగినాడు.

"కొత్తదేస్తే కూత రాదు మామా. మీ చెల్లెలికి ఒక మాట చెప్పు."

"చెప్పేదేముందిలే. బిగించప్పా."

ఫోన్ జేబులోనే ఉంది. తీస్తే కదా పెద్దమనిషి!

రెండు దినాలు కారు సప్పుడు లేకుండా హాయిగా నడిచింది. మూడోనాడు, చెల్లెలికి కూత వినపడదు కదా అని ఆ హాయే ఆయనకు సయించలా. తోటకని బయల్దేరి, ముద్దనూరు దాటి, యాడా ఆగకుండా పులివెందుల చేరినాడు.

వనజమ్మ తడితలతో వసారాలో కూర్చొని ఉంది. కారును చూసి మొగం తిప్పుకుంది. కూతలేని కారు, ఎవురిదో ఏమో. ఆయన దిగినాక లేచి, స్తంభం పట్టుకొని నిలబడింది.

"మూడు పొద్దులు కూత లేదు. పోయినావనుకొని మైల నీళ్లు తలకు పోసుకుంటి అన్నా."

"ఎవురినన్నా అడగలేకపోయినావా అమ్మా?"

"అవునంటారేమోనని అడగల్యా."

బావ పోయినప్పుడు తాను పోసుకోని నీళ్లు, బతికున్న తనకోసం ఆమె పోసుకుంది. ముద్దనూరులో ఆ పొద్దు ఇంకొంచెం ముందుకు తోలుంటే ఏం పోయేది? ఆదినారాయణ అరుగు మీద కూలబడి, తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకొని ఏడ్చినాడు.

ఆమె కాళ్లు కడుక్కోను చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టి, మూడు పొద్దుల తర్వాత పొయ్యి ముట్టించను లోపలికి పోయింది.