తలుపు తీసే ఉందట

తలుపుకి బయట తాళం ఉంది. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను, ఎన్నిసార్లు అడిగినా చెప్తాను. రొయ్యలు ఒలిచే ఆ షెడ్డులో మేం నలభై మందిమి. సరుకు కొంగున కట్టుకుని పోతామని మేస్త్రీ పొద్దున్నే మమ్మల్ని లోపలికి తోలి తాళం వేసుకునేవాడు. ఆ రోజు ఐసు గదిలో పైపు పగిలి గ్యాసు కమ్మేసింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి. మేం పొడుగక్క అని పిలుచుకునే మనిషి తలుపును భుజంతో గుద్దుతూ గుద్దుతూనే కూలిపోయింది. తాళం తీసేసరికి ఆమెకు ఊపిరి లేదు.

మూడో రోజు ఆమె మొగుడు కంపెనీ గేటు దగ్గర నిలబడి పరిహారం అడిగితే మేస్త్రీ ఒక కాగితం చూపించాడు. కింద నీలం వేలిముద్ర. రెండో తరగతి చదివే నా కూతురు నా చెయ్యి పట్టుకునే దాన్ని పైకి చదివింది. "నేను నా ఇష్టంతో పని మానుకుంటున్నాను." తేదీ చావుకు వారం ముందుది.

"అమ్మా, అత్త పని మానేసిందా? మరి ఆ రోజు ఎందుకెళ్ళింది?"

శనివారం శనివారం మేస్త్రీ కాగితాల దొంతర తెస్తాడు, మేం వరసగా నిలబడి బొటనవేలు ఇస్తాం. ఏళ్ళ తరబడి ఐసులో నాని మా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ముద్ర సరిగ్గా పడదని వాడే వేలు పట్టుకుని అదిమి నొక్కుతాడు. మొగుడు కూడా ఇంత గట్టిగా చెయ్యి పట్టుకోలేదే అని మేం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తోంది. నేను ఇప్పటికి ఎన్నిసార్లు పని మానేశానో నాకే తెలియదు. ఈ కథ వింటున్న మీరూ మీ వేలు దేని మీద పెడుతున్నారో ఒకసారి చూసుకోండి.

బడిలో టీచరమ్మ ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది. మంగళవారం, శుక్రవారం పని దిగాక తల్లులు రండి, పిల్లల పక్కన కూర్చుని వాళ్ళ పుస్తకమే కలిసి చదవండి అని. నలుగురు వెళ్తే గొప్ప. ఆ శుక్రవారం ఇరవై ఆరుగురం వెళ్ళాం. పిల్లల బల్లల్లో మోకాళ్ళు ఇరుక్కున్నాయి, గదంతా రొయ్యల కంపు. "వేలు పెట్టి చదువమ్మా. గట్టిగా. అందరికీ వినబడాలి," అని నా కూతురు నన్నే గదమాయించేది. ఒకరు చదివితే మిగతావాళ్ళు అందుకోవాలి. ఒకరు ఒత్తు దగ్గర తడబడితే అందరం మళ్ళీ మొదటి నుంచి.

రెండు నెలలు తిరగకుండానే కంపెనీకి తెలిసింది. బడికి వెళ్తున్నారని ఇద్దరిని పనిలోంచి తీసేశారు. బడి పైకప్పు కంపెనీ వేయించిందే, పీకించేస్తామని కబురొచ్చింది. ఆ మంగళవారం పుస్తకాలు ఎవరూ తెరవలేదు.

"నాకు ముగ్గురు పిల్లలు. పని పోతే మట్టి తినాలా? రేపట్నించి నేను రాను," అంది ఒకామె.

"ఆ రోజు తలుపు దగ్గర పడింది నువ్వే అయితే?" అంది ఇంకొకామె.

"నేను కాదుగా!"

"కాకపోతే మాత్రం ఏం? నీ కాగితం కూడా సిద్ధంగానే ఉంటుందిలే," అని గొణిగింది పిన్ని. అరవై దాటిన మనిషి, చూపు మందం, మా తరగతిలో అందరికంటే వెనకబడింది ఆమే.

టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "నాకూ భయంగానే ఉందమ్మా. నన్నూ పిలిపించి బెదిరించారు. రేపు నేను ఉంటానో లేదో. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చదవకుండా దేని మీదా వేలు పెట్టకండి."

నాలుగో నెలలో పొడుగక్క చావు మీద విచారణకు ఆ నెలాఖరున అధికారి వస్తున్నాడని తెలిసింది. ఆ మర్నాడు పొద్దున మేస్త్రీ లోపలికొచ్చి, తాళం వేయించి, ఒకే ఒక్క కాగితం బల్ల మీద పెట్టాడు.

"హాజరు కాగితమే. ఊఁ, వేళ్ళు ఇవ్వండి."

వరసలో మొదటిదాన్ని నేను. నాకూ ఇంట్లో పిల్ల ఉంది. "చదివి వేస్తాను మేస్త్రీగారూ," అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "చదువు తల్లీ, సాయంత్రం దాకా చదువు."

వేలు పెట్టాను. "మే... ము... కిం... ద..." వెనక నుంచి పిన్ని అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు. కాగితం కనబడనివాళ్ళు కూడా మా నోట విని అంటున్నారు, బడిలో అలవాటు అది. "ఆ... రో... జు... షె... డ్డు... త... లు... పు... తీ... సే... ఉం... ది."

అక్షరాలు కూడుకునే ధ్యాసలో అర్థం ఎవరికీ తట్టలేదు.

"మళ్ళీ చదవండే," అంది పిన్ని.

మళ్ళీ చదివాం. "తీసే ఉందట!" అని ఎవరో భోరుమన్నారు. మేస్త్రీ కాగితం లాక్కుని, "ఎవరే మీకిది నేర్పింది?" అని అరిచాడు. ముప్పై ఏడుగురం చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డాం. ఒక్కరూ వేలు ఇవ్వలేదు.

మర్నాడు పాఠం చెబుతుండగా టీచరమ్మను పోలీసులు పట్టుకుపోయారు. మా పిల్లలే షెడ్డు దాకా పరిగెత్తుకొచ్చి తలుపు బాదారు. ఒలుస్తున్న రొయ్యలు బల్లల మీదే వదిలేసి, తాళం తీసేదాకా అరిచి, పిల్లల్ని వెంటబెట్టుకుని స్టేషనుకు నడిచాం. పని పోయిన ఇద్దరూ దారిలో కలిశారు. ధైర్యంగా వెళ్ళామని అబద్ధం చెప్పను. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వెళ్ళాం.

ఇన్‌స్పెక్టరు సిరా డబ్బా, కాగితం ముందుకు తోశాడు. "టీచరు మిమ్మల్ని రెచ్చగొట్టిందని ఇందులో ఉంది. వేళ్ళు వేసి ఇళ్ళకు పొండి. వెయ్యకపోతే మీరూ లోపలే."

ఊచల వెనక టీచరమ్మ మమ్మల్నే చూస్తోంది. నా కూతురు నా చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుంది. నేను కాగితం దగ్గరకు లాక్కుని వేలు పెట్టాను. "మే... ము..."

"ఏయ్, ఏమిటా గోల? చదివితే మనసులో చదువుకోండి!"

వేలు తియ్యకుండానే చెప్పాను.

"మనసులో చదవడం మాకింకా రాదండీ. టీచరమ్మ ఆ పాఠం చెప్పకముందే మీరు తీసుకొచ్చేశారు."

వరండాలో ముప్పై తొమ్మిది మందిమీ మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాం.