పసుపు బొట్టు దగ్గర ఆగిన గోళీ

నేను ఒక ఉక్కు గోళీని. నేరేడు పండంత ఉంటాను. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లంతా ముందు బరువు చూసి ఆశ్చర్యపోతారు. అది నాకు ఇష్టం.

ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, నున్నగా సానబట్టారు. నాలాంటి మరో ఎనిమిదింటితో కలిపి రెండు ఉక్కు వలయాల మధ్య బిగించారు. దాన్ని బేరింగు అంటారు. ఆ బేరింగు అనకాపల్లి దగ్గర ఒక ఊళ్లో చెరకు గానుగకు చేరింది. ఆరు బెల్లం సీజన్లు అందులో తిరిగాను. తిరిగిన దారంతా తిన్నగా పరిస్తే విశాఖపట్నం దాటి ఎక్కడికో పోయేది. అయినా సాయంత్రం గానుగ ఆపేసరికి మళ్లీ అదే గుండ్రంలో ఉండేదాన్ని.

ఆరో ఏడు ఇసుక పడి బేరింగు పగిలింది. మెకానిక్ సన్యాసినాయుడు మమ్మల్ని ఊడదీసి పాత ఇనుము డబ్బాలో పడేశాడు. గీత పడనిదాన్ని నేనొక్కదాన్నే. ఆయన కూతురు యమున నన్ను ఏరుకుంది.

యమున తొమ్మిదో తరగతి. బళ్లో ఆఖరి బెంచీ. హాజరు పిలిచినప్పుడు కూడా ఆమె గొంతు టీచరు దాకా చేరేది కాదు. నాన్న షెడ్డులో మాత్రం నన్ను అరచేతిలో దొర్లిస్తూ పాఠం పైకి చదివేది. ఎంత తొందరగా పోతున్నామో చెబితే వడి, ఎటు పోతున్నామో కూడా చెబితే వేగం. ఆ వేగం మారుతుంటే త్వరణం. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకి తిన్నగా ఎంతో, అది స్థానభ్రంశం. అప్పుడు తెలిసింది, ఆరేళ్ల నా కష్టానికి మనుషుల పుస్తకంలో విలువ సున్నా అని. నేనేం నొచ్చుకోలేదు. వాళ్లు తిన్న బెల్లం సున్నా కాదుగా.

తర్వాత ఆమె ఒక ప్లాస్టిక్ పైపును నిలువునా కోయించి, వేడిచేసి వంచి, రెండు వైపులా ఏటవాలుగా నిలబెట్టింది. ఒక కొస నుంచి నన్ను వదిలితే కిందికి దిగి, అటు దాదాపు అంతే ఎత్తు ఎక్కుతాను. కదిలేది కదులుతూనే ఉండాలనుకుంటుంది, దాని పేరు జడత్వం. జిల్లా సైన్సు ప్రదర్శనకు పంపడానికి బడి నుంచి ఒక్క నమూనానే ఎంపిక చేస్తారు. భానుమతి టీచర్ ముందే చెప్పేశారు, యమున నోరు తెరవకపోతే దాన్ని తోటి పిల్ల వినీల వివరిస్తుందని. వినీల గొంతు రోడ్డు దాకా వినిపిస్తుంది. యమున ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఎంపిక దసరా సెలవులయ్యాక మొదటి రోజు. పైపును మాత్రం యమున సెలవులకు ముందే బళ్లో పెట్టేసింది. పక్క ఊళ్ల నుంచి ఇద్దరు మాస్టర్లు వచ్చారు. యమున చూపంతా చేతిలో కాగితం మీదే. చూడకుండానే నన్ను పైకొసన పెట్టి వదిలింది. నేను ధీమాగా దిగాను. మలుపు దాటగానే ఏదో గరుకుగా తగిలింది, మళ్లీ తగిలింది, మూడోదాని దగ్గర ఆగిపోయాను. నా జన్మలో అలా ఆగడం అదే మొదలు.

పిల్లలు నవ్వారు. వచ్చిన ఇద్దరిలో పెద్ద మాస్టారు అడిగారు: "ఏమ్మా, మీ గోళీ జడత్వం ఇంకా సెలవుల్లోనే ఉందా?"

గుమ్మం దగ్గర అటెండరు నూకరత్నం మొహం వాడిపోయింది. "నానే బాబూ," అంది. "సెలవులిచ్చిన రోజు ఆయుధపూజకి అన్నిటికీ బొట్లు పెట్టి దీనికొక్కదానికే పెట్టకపోతే బాగోదని, మూడు పెట్టినాను." సెలవుల పది రోజుల్లో ఆ పసుపు ముద్దలు పెచ్చుల్లా ఎండిపోయాయి.

టీచర్ వినీల వైపు చూశారు. యమున కాగితంలో పసుపు గురించి ఒక్క ముక్క లేదు. ఆమె వేళ్లు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. చెమటకు తడిసిపోయాను.

"గోళీ తప్పు లేదండి," అంది యమున. గొంతు సన్నగానే ఉంది, కానీ అందరికీ వినబడింది. "నూకరత్నమ్మ తప్పూ లేదు. గోళీ దానంతటది ఆగలేదు. ఘర్షణ ఆపింది. చూపిస్తాను."

గోటితో ఒక బొట్టు గీకేసి, అదే ఎత్తు నుంచి వదిలింది. నేను కొంచెం ముందుకు పోయాను. ఇంకోటి గీకింది. అవతలి వాలు సగం ఎక్కాను. మూడోదీ తీసి, చున్నీతో తుడిచి వదిలింది. ఇక నా సంగతి చెప్పాలా! దాదాపు చివరిదాకా ఎక్కి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, తిరిగొచ్చాను. ఎవరూ నవ్వలేదు.

ఇదంతా ముందే అనుకున్నదా అని పెద్ద మాస్టారు అడిగారు. యమున కాదంది. ఆయన ఎంపిక కాగితం మీద ఆమె పేరే రాశారు.

జిల్లాకు వెళ్లేముందు యమున నూకరత్నం చేతే మళ్లీ మూడు బొట్లు పెట్టించింది. ఈసారి స్కేలు పెట్టి, జానెడు జానెడు దూరంలో. నూకరత్నం కొలిచి మరీ పెట్టింది, పూజకన్నా భక్తిగా.

ఇప్పుడు నేను సైన్సు గదిలో, అద్దాల బీరువాలో ఉన్నాను. నన్నెవరూ కదపడం లేదు గనక నిశ్చలంగా ఉన్నాను. ఇక్కణ్నుంచి తొమ్మిదో తరగతి గది కనిపిస్తుంది. యమున ఆఖరి బెంచీ నుంచి మొదటి బెంచీకి మారింది. మధ్యలో పన్నెండు అడుగులు ఉంటాయేమో. తిన్నగా కొలిస్తే, ఆరేళ్లు తిరిగిన నాకన్నా ఆ పిల్లే ఎక్కువ దూరం వచ్చింది.