హిల్క కొన్న టైర్లు

బంగాళదుంపలు తవ్వుకోవడం అయిపోగానే ఉత్తర ఫిన్లాండ్ పల్లెల్లో అందరూ తమ ట్రెయిలర్లు సరిచూసుకుంటారు. హిల్క కూడా తన ట్రెయిలర్‌ని కారుకు తగిలించుకుని రేయో టైర్ల కొట్టుకు వచ్చింది. మర్నాడు అయిదు గొర్రెలనూ కబేళాకు తీసుకెళ్లాలి. వాటిని ప్రాణంగా సాకిన భర్త ఆర్వి వసంతంలో పోయాడు. ఒంటరిదాన్ని, ఇక నావల్ల కాదని ఆమె తేల్చేసుకుంది. అలా తేల్చుకున్నప్పటినుంచీ ముద్ద దిగడం లేదు.

"పాతవే చాలవా? అరగనే లేదు కదా," అంది.

రేయో టైరు పక్కన గోరుతో గీరాడు. సన్నటి పగుళ్లు కనిపించాయి.

"మనవాళ్లందరిదీ ఇదే పొరపాటు. ఎప్పుడో ఓసారి తిప్పి, అరగలేదని మురిసిపోతారు. కదలకుండా నిలబడే ఇది ముసలిదైపోయింది, హిల్కా."

"నాలాగే అను."

"నేననలేదు. నువ్వే అన్నావ్," అని ఆమెకు కాఫీ పోశాడు.

కాఫీ తాగి, ఆ ఊళ్లో టైర్లు కొనే అందరిలాగే ఆమె కూడా వంగి టైరుకు చెవి ఆనించింది. టైరు తాను పోబోయే దారిని వినిపిస్తుంది; నచ్చితే కొంటారు, లేకపోతే లేదు. చవకగా వచ్చే కారు టైరులో కంకర చప్పుడు, వంతెన, ఆపైన ఢామ్మన్న మోత. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

"కారు టైరు పక్కలు మెత్తన. గొర్రెలన్నీ ఒకవైపు ఒరిగాయంటే ట్రెయిలర్ ఊగిపోతుంది. ట్రెయిలర్‌కని చేసిన ఈ గట్టి టైరు విను," అన్నాడు రేయో.

అది విని ఆమె చాలాసేపు లేవలేదు.

"కబేళా దాకా బాగానే పోతోంది. తిరిగొచ్చేటప్పుడు గడగడమని మోగడం లేదేం? మా కంకర దారిలో ఖాళీ ట్రెయిలర్ ఊరంతా లేచేలా మోగుతుందే!"

"అయితే బరువుతోనే వస్తోంది."

"ఏం బరువు? నేను తెచ్చుకోవాల్సిందేమీ లేదు."

"నన్నడిగితే ఏం చెప్పను? నేను బిగించేవాణ్ణే."

మర్నాడు ఆ గట్టి టైర్లతోనే వచ్చి, కబేళా గేటు ముందు హిల్క ఇంజను ఆపింది. వెనక నుంచి ముసలి గొర్రె రూసు అరిచింది. పొద్దున్నే ఆర్వి బూట్ల చప్పుడు వినగానే అలాగే అరిచేది. ఆయన పోయాక అది నోరు విప్పడం ఇదే మొదలు. హిల్క స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. అంత్యక్రియల రోజు కూడా అంతగా ఏడవలేదు. గేటు తీసినవాడు లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె కళ్లు తుడుచుకుని బండి వెనక్కి తిప్పుకుంది.

కంకర దారిలో ట్రెయిలర్ మోగలేదు. హిల్క తిరిగొచ్చిన సంగతి, సాయంత్రం గొర్రెల కొట్టంలో దీపం వెలిగేదాకా ఊళ్లో ఎవరికీ తెలియలేదు.